దుంగకు రెండో కొస

పోయిన వారం ఒక సర్వే ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతుంటే, పుట్టిన తేదీ, డిప్లొమా మార్కులు, అనుభవం అన్నీ చకచకా దాటుకొచ్చిన చెయ్యి ఇరవై ఏడో గడి దగ్గర ఆగిపోయింది. మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా అన్నది ప్రశ్న. లేదు అని నొక్కాను. అది అబద్ధం కాదు. అయినా పక్కనున్న టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఆ గడిలో లేదు అని పెట్టగలుగుతున్నానంటే, మా చిన్నాన్న ఒకరోజు అరకు కోర్టులో నిలబడి చెప్పిన మాటే కారణం.

నా ఈడువాళ్ళు, ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో స్టీలు పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి పెరిగినవాళ్ళు, మా చిన్నాన్నలాంటి మనిషిని చూసే ఉంటారు. ఆయన మా బడిలో కాంట్రాక్టు మీద వంటమనిషి. సెలవు రోజుల్లో కొండ వాలున అరెకరం కాఫీ తోటా, చెట్లకు పాకించిన మిరియాల తీగలూ చూసుకునేవాడు. వరుసలో నా వంతు వచ్చినప్పుడు అన్న కొడుకునని రెండో గరిటె పప్పు ఏనాడూ పొయ్యలేదు. ఒకసారి అడిగితే, "ఇంటికాడ నువ్వు నా కొడుకువి. ఇక్కడ వరసలో పదిహేడోవోడివి. అన్నీ లెక్కెట్టుకుంటావు కదా, ఇదీ లెక్కెట్టుకో," అన్నాడు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చివరి ఏడు చదువుతుండగా ఒక వానాకాలం పెద్ద గాలి వచ్చి మా కొండల్లో లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి. అదే గాలికి చిన్నాన్న ఇంటి దూలం బీటిచ్చింది. ఊరికి పైనున్న అడవిలో విరిగి పడిన మద్ది కొమ్మ ఒకటి, దూలానికి సరిపోయేంత తిన్ననిది, ఆయన కంటబడింది. సెలవులకు ఇంట్లో ఉన్న నన్ను తోడు తీసుకెళ్ళాడు. ముందు కొస ఆయన భుజం మీద, వెనక కొస నా భుజం మీద పెట్టుకుని, నాలుగుచోట్ల దించి, ఆయాసం తీర్చుకుని మోసుకొచ్చాం. అడవిలో పడిన కట్టెనైనా అనుమతి లేకుండా తేకూడదని మా ఇద్దరికీ తెలియదు.

నేను హాస్టలుకు తిరిగి వెళ్ళిపోయాక అటవీ సిబ్బంది వచ్చి పెరట్లో దుంగను చూశారు. ఎవరు తెచ్చారని అడిగితే నేనేనన్నాడు చిన్నాన్న. ఇంకెవరి పేరూ చెప్పలేదు. అడవిలో చెట్టు నరికి తరలించాడని కేసు పెట్టారు.

సమన్లు వచ్చేసరికి నా చదువు పూర్తయింది. ఉచిత న్యాయసహాయం కింద వచ్చిన లాయరు మేడం మైదానం నుంచి వచ్చిన మనిషి. నింపాదిగా విడమరిచి చెప్పింది. మొదటిరోజు మేజిస్ట్రేటుగారు నేరం ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ఒప్పుకుంటే కేసు అక్కడితో అయిపోతుంది కానీ శిక్షపడిన మనిషిని బడి వంటలో ఉంచరు. ఒప్పుకోకపోతే, నరికాడని వాళ్ళు రుజువు చెయ్యాలి, నరికిన చెట్టు మొదలే లేనప్పుడు అది కుదరని పని. అంటే చిన్నాన్న కొలువంతా ఒక్క మాట మీద ఉంది. ఆ మాట నేర్పే పని నా నెత్తిన వేసుకున్నాను.

పట్టుకెళ్ళాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను: సమన్లు, ఆధార్ నకళ్ళు రెండు, రేషన్ కార్డు, దుంగ విరిగిన చివరకు తీసిన ఫొటోలు. వాటి కింద, వైవాకు తయారైనట్టు, ప్రశ్నా జవాబూ రాసి ఆయనచేత వల్లె వేయించాను.

"దుంగ తెచ్చేను కదరా, లేదని ఎలా అంటాను?"

"తెచ్చేవా అని అడగరు చిన్నాన్నా. నరికేవా అని అడుగుతారు."

"మరి తెచ్చినాది ఎవుల్తో సెప్పాల?"

"ఎవుల్తోనూ సెప్పక్కర్లేదు."

పొయ్యి దగ్గర్నుంచి పిన్ని అందుకుంది. "కాలేజీలో ఇదేటి నేర్పినారు నీకు? వంకాయ పుచ్చుంటే నా దగ్గరే దాయలేడు ఈ మనిషి. కోర్టులో ఏటి దాత్తాడు?"

మా ఊరి పెద్దలు కూర్చునే పంచాయితీ పద్ధతి ఇక్కడ చెప్పాలి. పిలిచినవాడు వచ్చి ముందు తప్పు నాదే అనాలి. ఆ తరువాతే జరిగింది చెప్పుకోవాలి. ఎవరి పాలు ఎంతో పెద్దలు తేలుస్తారు. ఒకడు అలా ఒప్పుకున్నాక ఆ సంగతిలో ఇంకొకరి పేరు ఎవరూ అడగరు. ఊహ తెలిసినప్పటి నుంచి చూసిన పద్ధతి ఇది. అయినా నా కాగితం మీదకు అది ఎక్కలేదు.

మొదటి బస్సుకే బయలుదేరాం. పదింటి నుంచి కాచుకుంటే మధ్యాహ్నానికి పిలుపు వచ్చింది. బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచాడు. చిన్నాన్న చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచాడు. నేను చివరి బెంచీ మీద కూర్చున్నాను. మేజిస్ట్రేటుగారు అభియోగం చదివి, తేలిక మాటల్లో మళ్ళీ చెప్పి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. చిన్నాన్న చేతులు జోడించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నేను లోలోపల లెక్కపెడుతున్నాను.

"తప్పు నాదేనండి. నానొక్కణ్ణే ఎత్తుకొచ్చేను. ఇంకెవుల్లేరు."

ఇంకెవరైనా ఉన్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. లాయరు మేడం సగం లేచి, ఒక్కసారి వెనక్కి తిరిగి నాకేసి చూసింది. గుమాస్తా కలం కాగితం మీద ఆనింది. ఆ దుంగ పొడవు పన్నెండు అడుగులు, చుట్టుకొలత రెండుంపావు. పచ్చి మద్ది, నూటముప్పై కేజీలకు తగ్గదు. యాభై దాటిన బక్క మనిషి దాన్ని ఒక్కడే ఎత్తలేడని లెక్క తెలిసినవాడెవడైనా చెప్పగలడు. ఆ లెక్క తెలిసినవాణ్ణి నేను అక్కడే ఉన్నాను. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నానే తప్ప లేవలేదు. ఎందుకు లేవలేదో తరువాత చాలాసార్లు రాసుకున్నాను. నేను లేస్తే కేసు ఇద్దరి మీదకి వస్తుంది, ఆయనకు మేలేమీ జరగదు, లాయరును అడగకుండా మాట్లాడకూడదు. అన్నీ సరైన కారణాలే. కానీ ఆ నిమిషంలో అవేవీ నా మనసులో లేవు. భయమొక్కటే ఉంది.

మేజిస్ట్రేటుగారు గుమాస్తాను చేత్తో ఆపారు. "చెట్టు నరికావా?"

"నరకలేదండి. గాలికి పడిపోనాది."

"మరి తప్పు నాదే అన్నావు?"

"పెద్దల ముందర నిలబడితే ముందు ఆ మాటే అనాలండి."

ముందు వరుసలో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు. నరకలేదంటున్నాడు కాబట్టి ఇది నేరం ఒప్పుకోవడం కాదు అని, ఒప్పుకోలేదనే రాయించి, వాయిదా వేశారు.

వరండాలో లాయరు మేడం, దుంగ ఎన్నడుగులు అని నన్ను అడిగింది. పన్నెండు అన్నాను. ఆమె నా భుజాలకేసి చూసి, ఫైలు మూసి, వాయిదా తేదీ రాసుకోమంది.

బస్టాండు దారిలో చిన్నాన్న ముందు నడుస్తున్నాడు. "బేగి రారా, ఆకలేత్తంది."

"ఇంకెవుల్లేరని ఎందుకన్నావు? ఎవులూ అడగలేదు కదా."

"ఒకడు ఒప్పేసుకుంటే రెండోవోణ్ణి అడగరు కదరా." నాలుగడుగులు వేశాక, "నువ్వు నేర్పిందే అందామనుకున్నాను. పెద్దాయన మొగం సూత్తే లేదనే మాట రాలేదు," అన్నాడు.

రెండేళ్ళు వాయిదాలు తిరిగాక, నరికినట్టు రుజువు లేదని కేసు కొట్టేశారు. చిన్నాన్న కొలువు నిలిచింది. దుంగ గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఎవరికి సమన్లు వచ్చినా, హుకుంపేట వైపు నుంచి కూడా, నన్ను వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళకి కాగితాల జాబితా రాసిస్తాను. బోనులో నిలబడి లేదండి అనడం నేర్పుతాను. అది చెయ్యాల్సిన పనేనని ఇప్పటికీ నమ్ముతాను. తెలియక అన్న ఒక్క మాటకు ఏ మనిషి బతుకూ పాడవకూడదు. కానీ ఈ మధ్య మా ఊరి పంచాయితీలో, మేకలు చోడి చేను మేసిన చిన్న తగువుకి పెద్దలు అడిగితే, పెళ్ళాం పిల్లలున్న ముగ్గురు మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచి లేదు, మాకు తెలీదు అన్నారు. తరువాత ఏమనాలో తెలియక పెద్దలు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఆ మాట నేర్పింది నేనే. చిన్నాన్న నా పక్కనే ఉన్నాడు. ఆయన నాకేసి చూడలేదు.