నాయనమ్మ సమాధి మీది మెరుపు

బేస్తవారిపేట దగ్గర మా ఊరి సమాధుల తోటలో పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. రెండింటి మీదా మార్కాపురం పలకరాయే. ఒకదాని పైపొర ఎప్పుడో ఊడిపోయి రాయి బోసిగా మిగిలింది. రెండోదాని మీద పేరు ఉండాలి గానీ ఎవరి కంటికీ ఆనదు. అది వాళ్లమ్మదని, అంటే మా నాయనమ్మదని, మా మేనత్త అంటుంది. కాదు, అది తన తండ్రిదని, బోసిరాయే మా నాయనమ్మదని పక్కవీధి పెద్దమ్మ అంటుంది. ప్రతి ఈస్టర్‌కీ అక్కడ కొవ్వొత్తి ఎవరు పెట్టాలని ఇద్దరికీ పోట్లాట. ఊరు పెద్దమ్మ మాటే నమ్మింది. మా నాయన కూడా, "అక్కకు వయసైపోయింది, మతి తప్పినాది," అనేశాడు. తల్లి పోయేనాటికి ఆయన ఉయ్యాల్లో ఉన్నాడు, ఆయనకేం తెలుసని? నాకు ఒళ్లు మండింది.

పేరు మాసిపోవడం వీళ్ల ప్రేమ చేసిన నిర్వాకమే. ఏటా ఇద్దరూ పోటీపడి ఆ రాయికి కొబ్బరినూనె రుద్దారు, మైనం కార్చారు. అక్షరాలు పూడిపోయి రాయి అద్దంలా తయారైంది. గీకుదామంటే పలకరాయి పొరలుగా లేచిపోతుంది.

నేను మార్కాపురంలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. ఫోటోల నుంచి వస్తువుల ఆకారం రాబట్టడం నా పని. కెమెరా పట్టుకొని వెళ్లాను. ఎటునుంచి తీసినా తెల్లటి మెరుపే. ఆ మెరుపును తిట్టుకుంటూ ఇంటికొచ్చాక వెలిగింది, నాకు కావలసింది ఆ మెరుపే. వెలుగు అలలా అన్ని దిక్కులకూ ఊగుతూ వస్తుంది; రాయి మీద పడి తిరిగొచ్చేది మాత్రం ఒక దిక్కుకే ఎక్కువగా ఊగుతుంది. ఏ దిక్కుకన్నది అక్కడ రాయి ఎటు వాలి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. లెన్సు ముందు, ఒక దిక్కుకు ఊగే వెలుగునే లోపలికి రానిచ్చే పోలరైజర్ అద్దం బిగించి, తిప్పుతూ ఫోటోలు తీస్తే, ప్రతిచోటా వెలుగు ఎంత పెరిగి తగ్గిందో చూసి కంప్యూటర్ ఆ వాలు లెక్కగడుతుంది. పైగా మైనం వెలుగును తిప్పికొట్టే తీరు వేరు, రాయి తీరు వేరు. పూడిన అక్షరమైనా అలా బయటపడుతుంది.

మబ్బు పట్టిన ఒక పొద్దున మళ్లీ వెళ్లాను. ముసలమ్మలిద్దరూ కాపలాకొచ్చారు.

"రాయి పెచ్చులూడితే ఊరుకోను పాపా," అంది పెద్దమ్మ.

"ముట్టుకోను కూడా పెద్దమ్మా. ఫోటోలే."

"ఫోటోకు ఆ అద్దం తిప్పేదేంది? మంత్రమా?" అని నవ్వింది.

మేనత్త నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆమె మాట తప్పైతే, ఇన్నేళ్లూ ఏడ్చింది ఇంకెవరి దగ్గరో అవుతుంది.

లాప్‌టాప్‌లో మొదట అడ్డదిడ్డం గీతలొచ్చాయి. తర్వాత ఒక కొమ్ము, ఒక సున్న, ఒక దీర్ఘం. చూస్తుండగానే పేరంతా తేలింది. మా నాయనమ్మ పేరే! సమాధుల తోట అని కూడా చూడకుండా కేక పెట్టాను.

మేనత్తకు చదువు రాదు. పెద్దమ్మే తెరను ముక్కు దగ్గరకు లాక్కొని, కూడబలుక్కొని, పైకి చదివింది.

"నీ మాటే నిజమైనాది వదినా. మీ అమ్మే," అంది. "అట్లయితే మా నాయన ఈ పక్కన పండుకున్నాడు." తను తెచ్చిన బంతిపూలు తీసి బోసిరాయి మీద పెట్టుకుంది.

మేనత్త లేచి, నడుముకు చేతులు పెట్టుకొని, నాలుగు వీధులకు వినపడేలా అరిచింది.

"నే జెప్తే ఎవురన్నా ఇన్నారా? మీ నాయనకు ఫోన్ జెయ్యి పాపా! మతి తప్పింది ఎవురికో అడుగు!"

స్పీకర్ పెట్టి చేశాను. అవతల నాయన సంగతంతా విన్నాడు.

"ఆడనే ఉండక్కా, వస్తా," అన్నాడు. "అమ్మ యాడుందో నాకూ చూపియ్యి."