పడవ తాగిన నీళ్ళు

మంగ్లు చేతికి కొత్త వస్తువు చిక్కిందంటే దాని పని అయిపోయినట్టే. ఒకసారి ఫారెస్టు గార్డు గొడుగు మరిచిపోయి వెళితే, సాయంత్రానికల్లా దాని పుల్లలన్నీ ఊడదీసి అరుగు మీద పరిచాడు. మళ్ళీ బిగించాడు కూడా. కాకపోతే ఆ తర్వాత గొడుగు తెరుచుకోవడమే గాని ముడుచుకోవడం మానేసింది. పాపం ఆ గార్డు ఎర్రటి ఎండలోనూ, గుడిసె గుమ్మాల్లోనూ దాన్ని తెరిచే మోసుకు తిరిగాడు.

చింతూరుకు ఎగువన, శబరి ఒడ్డున ఉన్న కోయగూడెం మంగ్లుది. దోనె మీద జనాన్ని ఏరు దాటించేవాడు. దోనె అంటే ఒక్క మానును తొలిచి చేసిందే. అందులో కాళ్ళు ముడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. గట్టిగా తుమ్మితే బోల్తా. కూతురు కనకను అవతలి ఒడ్డుకిచ్చిన ఏడు, పెళ్ళి విందు తిని వస్తుంటే అది బోల్తా పడనే పడింది. మంగ్లు భార్య సోములమ్మ ఓ చెట్టు కొమ్మ దొరికి బతికింది. అప్పటి నుంచి ఆమె ఏటి మొహం చూడలేదు. నీళ్ళకు కూడా గుట్ట మీది వాగుకే పోయేది. కనకకు పిల్ల పుట్టింది. కనక అత్త మంచాన పడింది. అక్కడి నుంచి కూతురు కదల్లేదు, ఇక్కడి నుంచి తల్లి కదల్లేదు.

"కాళ్ళు బారజాపుకునే నేల ఉన్నదేదైనా తే, వత్తాను. మానులో కూకోను" అని తేల్చి చెప్పేసింది సోములమ్మ.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ చల్లారిన మరుసటి ఏడు, కలప కాంట్రాక్టరు ఒకాయన పెద్ద పడవ కట్టించడానికి భీమిలి నుంచి తాతారావు మేస్త్రిని రప్పించాడు. ఏటి ఒడ్డున పలకలు దిగాయి. మంగ్లు దోనె కట్టేసి, అక్కడే చతికిలబడ్డాడు.

"ఏటి సూత్తన్నావురా పొద్దుటి కాడినుంచి?" అన్నాడు తాతారావు.

"మా దోనెలో ముందు మానుంటది మేస్త్రీ, అందులోంచి తీసేత్తాం. నీ పడవలో ఏటీ లేదు, నువ్వే తెచ్చి కలుపుతున్నావు. కలిపిన కాడ నీళ్ళెందుకు రావు?"

తాతారావు పలక చెక్కుతున్న బాడిత కింద పెట్టి నవ్వాడు. "రా, ఇలా పట్టుకో. సెప్తే తెలీదు."

ఆ వేసవంతా మంగ్లు అక్కడే ఉన్నాడు. కూలి వద్దన్నాడు, మిగిలిన పలకలిస్తే చాలన్నాడు. వంపు కొయ్యలకు పలకను ఎలా ఒంచాలో, సందుల్లో పీచు ఎలా కూరాలో నేర్చుకున్నాడు. నూనెలో గుగ్గిలం మరగబెట్టి సందుల మీద పూస్తుంటే నోరెళ్ళబెట్టాడు. ఊహ తెలిసినప్పటి నుంచి అడవిలో ఏరి సంతలో అమ్ముతున్న గుగ్గిలమే అది. కింది దేశంవాళ్ళు దాంతో ధూపం మాత్రమే వేసుకుంటారనుకునేవాడు.

పెద్ద పడవ వెళ్ళిపోయింది. మిగిలిన పలకలతో మంగ్లు కట్టుకుంటున్న చిన్న పడవ పూర్తవుతుండగా తాతారావుకు మన్యం జ్వరం పట్టుకుంది. దుప్పటి కప్పి, ఊరికి పంపే బండిలో పడుకోబెడితే, పళ్ళు టకటకలాడుతుండగా ఒక్క మాట చెప్పాడు. "దింపే ముందు దానికి బాగా నీళ్ళు తాగించాలి. మర్సిపోకు."

మంగ్లుకు ఇందులో వింతేమీ తోచలేదు. కొత్తదానికి తొలి గుక్క పోయడం గూడెంలో ఎవరికి తెలియదు? అయితే ఉత్త నీళ్ళా? అంత కష్టపడి కట్టుకున్నదానికి ఇప్పసారా పోశాడు. ఆకుదొన్నెతో పడవ ముక్కుకు పట్టించి, మిగిలింది తను పుచ్చుకున్నాడు. గూడెమంతా వచ్చింది. సోములమ్మ కూడా వచ్చి, దూరంగా గట్టు మీదే నిలబడింది.

మంగ్లు ఒక్కడూ ఎక్కి గెడ వేశాడు. నాలుగు బారలు పోయాడో లేదో పలకల సందులన్నిటా నీళ్ళు చిమ్మాయి. మోకాటిలోతు నీళ్ళలో పడవ నిదానంగా అడుక్కి కూర్చుంది. జనం విరగబడి నవ్వారు. సోములమ్మ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి గూడెం దారి పట్టింది. మంగ్లుకు నవ్వులు తగల్లేదు గాని, ఆ వీపు చూసి ప్రాణం ఉసూరుమంది.

కొన్నాళ్ళు ఏటివైపు పోలేదు. చివరికి పలకలైనా దక్కుతాయని గొడ్డలి పట్టుకుని వెళ్ళాడు. సొరబుర్రతో నీళ్ళు తోడాడు. తోడిన నీళ్ళు మళ్ళీ రాలేదు. పడవ పైకి లేచి ఊగింది. మంగ్లు లోపల కూర్చుని ఎదురుచూశాడు. ఎంతకీ రాదే! సందులో కత్తిమొన దూర్చబోతే దూరలేదు. ఎండిన పలకలు నీరు పీల్చి ఉబ్బి, ఒకదాన్నొకటి అదుముకున్నాయి. తాగించమన్నది ముక్కుకు కాదు, ఒళ్ళంతటికీ. మంగ్లు ఒక్కడే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు.

ఇంటికి పోయి భార్యతో అన్నాడు. "అది కడుపునిండా తాగేసింది. ఇంక తాగదు."

"తాగినోడు ఇంక తాగనంటే నమ్మే దాన్నేటి నేను? నిన్ను సూడ్డం లేదా?" అంది సోములమ్మ. అంటూనే కోడిపిల్లను గంప కింద నుంచి తీసి చంకన పెట్టుకుంది.

పడవలో కాళ్ళు బారజాపి కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. అడుగు ఇసుకకు తగిలాక గాని తెరవలేదు. వెనక్కి తిరిగి తమ ఒడ్డు చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

గట్టు మీది నుంచి ఓ పిల్ల పరుగున దిగి, మంగ్లు కాళ్ళను చుట్టుకుంది. కొత్త మనిషిని ఎగాదిగా చూసింది.

"తాతా, ఈ ముసల్దెవరు?"

సోములమ్మ చంకలోని కోడిపిల్లను ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. తన కనక పిల్లకు మాటలు కూడా వచ్చేశాయి.