పసుపు కింద ఎరుపు

మా అత్తయ్యగారి మెడమీది గడ్డకి పట్నం ఆస్పత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించే రోజులవి. అమలాపురం నుంచి వెళ్లి ఆస్పత్రి పక్కనే గది తీసుకున్నాం. గడ్డ తగ్గుతోందని డాక్టర్లకంటే ముందు ఆవిడకే తెలిసింది. మెడకి బిగుసుకుపోయిన నల్లపూసలు మళ్లీ వదులయ్యాయి. రోజూ పొద్దున్నే వాటికింద వేలు దూర్చి చూసుకునేవారు.

అయితే కరెంటు తగిలినచోట చర్మం కందిపోయి మండడం మొదలైంది. అది చూస్తే వైద్యం ఆపేస్తారని ఆవిడ భయం. డాక్టర్లు ఏమీ రాయొద్దన్నారని నేను మొత్తుకుంటున్నా వినకుండా, కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించేవారు. ముత్తయిదువ మెడ కనక ఎవరూ వింతగా చూడలేదు.

ఒకరోజు కొత్త డాక్టరుగారు వచ్చారు. కరెంటు పెట్టే ఆ మసక వెలుతురు గదిలో మెడ చూసి, "మంటగా ఉందామ్మా?" అన్నారు.

"అబ్బే, లేదండీ. బానే ఉందండీ."

"ఇంకా ఎర్రబడలేదు. మోతాదు చాలడం లేదు, పెంచండి" అని ఆయన మిషను దగ్గరున్నతనికి చెప్పారు. చర్మం ఎర్రబడడమే వాళ్ల కొలత అని నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్యగారు కళ్లతోనే నన్ను వద్దంటున్నారు.

"అది పసుపండీ. కిందంతా కాలిపోయిందండీ" అనేశాను.

ఆయన తడిదూదితో తుడిచి చూసి, పుండు మానేదాకా కరెంటు వద్దన్నారు.

ఇంటికి తిరిగొస్తూ గోదావరి దాటుతుంటే, పంటు మీద ఆవిడ నాతో ఒక్కమాటే అన్నారు. "చెప్పేను కదే, చూస్తే ఆపేస్తారని."

అంటూనే నల్లపూసల కింద వేలు దూర్చారు. అప్పటికి సులువుగానే పట్టింది. ఆ మర్నాటి నుంచి నేనూ పొద్దున్నే లేచి ఆ వేలినే చూసేదాన్ని.