నూట పద్నాలుగు మిల్లీమీటర్లు

ఫలోంబె అనే ఊరి దగ్గర, కొండ కింది బడిలో ఫలెసి నఖుమ్వా పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతోంది. తరగతిలో నూట పన్నెండు మంది పిల్లలు, ఒక్కటే స్కేలు. అందుకని దర్జీ టేపు ఒకటి కొని, అట్టపెట్టెలు కత్తిరించి, పిల్లలందరికీ తనే స్కేళ్లు చేసింది. నెల రోజుల పని. మిల్లీమీటర్ల గీతలు గీస్తుంటే కళ్లు నీళ్లు కారేవి.

“అట్ట అంచు నుంచి కాదర్రా, సున్నా నుంచి కొలవండి!” అని రోజూ గొంతు చించుకునేది.

“టీచర్, మా మేక తోక పదహారు సెంటీమీటర్లు!”

“మిల్లీమీటర్లలో చెప్పు.”

“నూట అరవై. కానీ అది ఊపుతూనే ఉంది టీచర్!”

అలా అన్నది ఎనెలెసి. తల్లీతండ్రీ లేరు, కందిచేలో కూలికెళ్లే అమ్మమ్మే పెంచింది. తరగతిలో అంత చురుకైన పిల్ల ఇంకొకతె లేదు.

ఆ ఏడు ఒక ధర్మసంస్థ పరీక్ష పెట్టింది. మొదట వచ్చిన ఆడపిల్లను హాస్టల్లో ఉంచి హైస్కూలు చదివిస్తారట. ఎనెలెసి రెండో స్థానంలో ఆగిపోయింది. రెండే మార్కులు తేడా.

ఫలెసి జవాబు పత్రం అడిగి చూసింది. ‘ఈ గీతను కొలిచి సెంటీమీటర్లలో, మిల్లీమీటర్లలో రాయండి’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు ఎనెలెసి 11.4, 114 అని రాసింది. దాని మీద ఎర్ర ఇంటూ. అసలు జవాబు పన్నెండట. ఫలెసి స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ పదకొండు పాయింటు నాలుగే. జిరాక్స్ తీసినప్పుడు పన్నెండు సెంటీమీటర్ల గీత కుంచించుకుపోయింది.

కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుని తొక్కేవాడి సైకిలు వెనక కూర్చుని సంస్థ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా కూడా కొలిచి చూశాడు.

“మీరన్నది నిజమే మేడమ్.”

“మరి దిద్దండి బాబూ.”

“పేర్లు పైకి వెళ్లిపోయాయి. గెలిచిన పిల్ల బట్టలు సర్దుకుని కూర్చుంది. ఇప్పుడు ఆ పిల్లని వద్దనమంటారా?”

గెలిచిన పిల్ల చదివే బడిలో స్కేళ్లే లేవు. ఆ పిల్ల కంటితో చూసి పన్నెండని రాసేసింది. అందులో ఆమె తప్పేముంది? ఫలెసి మళ్లీ సైకిలు వెనక ఎక్కింది.

సాయంత్రం ఎనెలెసి ఇంటికి వెళ్లింది. ముసలామె అరుగు మీద కందులు చెరుగుతోంది.

“మా పిల్ల తప్పు కొలిచిందా టీచరమ్మా?”

“లేదు అవ్వా, సరిగ్గానే కొలిచింది.”

“మరి తప్పెందుకు వేశారు?”

ఫలెసి చెప్పబోయింది. జిరాక్స్ గురించి, పైకి వెళ్లిన పేర్ల గురించి ఏదో చెప్పింది కూడా. ముసలామె అంతా విని, “సరిగ్గా కొలిచిందంటున్నావుగా,” అంది మళ్లీ.

వానలు మొదలయ్యాక ఎనెలెసి పిన్నితో కలిసి తేయాకు తోటల్లో ఆకు కోతకు వెళ్లిపోయింది. వెళ్లేముందు బడికి వచ్చింది గానీ ఫలెసి పాఠం చెబుతోంది. కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు కొలతల పాఠం వచ్చినప్పుడు ముందు వరసలోని పిల్ల అడిగింది: “టీచర్, పరీక్షలో కూడా కొలిస్తే ఎంతొస్తే అంతే రాయాలా?”

“అంతే రాయాలమ్మా,” అంది ఫలెసి, ఆ పిల్ల ముఖంలోకి చూడలేక.