ఆయుధ పూజ నీళ్ళకు ఆగని డబ్బా

పోయిన నెల చింతామణి ఊరి నుంచి ఫోన్ వచ్చింది, మా మేస్త్రీ పోయారని. బాగేపల్లిలో నా అంగడి ముందు ఒక జీపు డైనమో విప్పి పెట్టుకుని ఉన్నాను. "పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్యాడు, అట్లే పోయినాడప్పా," అన్నాడు ఆయన షెడ్డు పక్కన టైర్ల అంగడాయన. ఫోన్ పెట్టేయగానే నాకు తోచిన మొదటి మాట, ఇంక ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేరు అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోతతోనే ఇది రాస్తున్నాను.

బండ్ల వైరింగు పనిలో ఆయన నాకు గురువు. చిక్కబళ్ళాపురంలో డిప్లొమా ముగించి ఆయన దగ్గర చేరాను. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవలేదు, "ఏమప్పా డిప్లొమా" అనేవారు. వైరు తొడుగు పళ్ళతోనే ఒలిచేవారు, ముందు పన్ను ఒకటి గాడి పడిపోయింది. ఎవరో టేపు చుట్టి వదిలేసిన అతుకు కనబడితే ముక్కు చిట్లించి, "ఎంగిలి పని" అంటూ కోసి పారేసేవారు. టిక్కుమనే రిలే స్విచ్చి పని చేస్తోందో లేదో చెవి ఆనించి చెప్పేవారు. నేను మీటరు పెట్టి చూస్తే ఆయన చెప్పిందే అయ్యేది. అయినా నాకు మీటరు మీదే గురి. ఇప్పుడు నా చేతిలో ఉన్న పనంతా ఆయన పెట్టిన భిక్ష.

మూడేళ్ళ కిందట ఒక బడి యజమాని ఆరు వ్యాన్ల పని ఇచ్చాడు. తలుపు సరిగ్గా పడితేనే డ్రైవరు ముందు పచ్చ దీపం వెలగాలి, లేకుంటే ఎర్ర దీపం, బజరు. వేగం మితి మీరినా, బండి వెనక్కి పోతున్నా హెచ్చరిక మోగాలి. అన్నిటికీ కలిపి ఒకే కంట్రోలరు డబ్బా పెడదామని చెప్పింది నేనే. వాహనాల కోసమే చేసినది, కంప్యూటరుకు తగిలించి మనకు కావలసినట్లు ప్రోగ్రాం రాసుకోవచ్చు. బెంగళూరు నుంచి సేల్స్ మనిషి వచ్చి రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. లోపలి తెలివి రెండింటికీ ఒకటే, ఒళ్ళే వేరు. ఒకదానికి చిన్న తెర ఉంది, ఎక్కువ వైర్లు తగులుతాయి, మూత తీసి మార్పులు చేసుకోవచ్చు. రెండోది నల్లటి లోహపు ముద్ద. లోపలంతా రెసిన్ అనే గట్టిపడే జిగురు పోసి మూసేశారు. తెర లేదు, వైర్లూ తక్కువే. నాకు తెర నచ్చింది. దాని మీద అంకెలు వెలుగుతుంటే నా కంటికి నేను పెద్ద ఇంజనీరులా కనబడ్డాను.

మేస్త్రీ నల్లదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు. "ఇది తీసుకోప్పా. ఆయుధ పూజకు ఆగేది ఇదే."

"దీనికీ నీళ్ళ చుక్కలు పడితే ఏమీ కాదని మ్యానువల్‌లో ఉండాది మేస్త్రీ," అన్నాను తెర ఉన్నదాన్ని చూపించి.

"చుక్కలా? ఆ దినం బానెట్టు ఎత్తి బిందెలతో పోస్తారు. పసుపు, కుంకుమ మెత్తుతారు. డ్రైవర్లు మ్యానువల్ చదువుతారా? చదివింది నువ్వొకడివే."

అయినా నన్ను ఆపలేదు. ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త సామాను ఏదొచ్చినా మార్కెట్టుకు టమాటాలు తెచ్చే ట్రాక్టరు మడ్‌గార్డుకు కట్టి పది దినాలు తిప్పించేవారు. ఆ తర్వాత దాని మీద బిందెడు నీళ్ళు పోసి చూసేవారు. "బతికితే పెట్టు," అని చెప్పి గౌరిబిదనూరుకు పెండ్లికి పోయారు. కొత్త తెర గీసుకుపోతుందని నేను ట్రాక్టరుకు కట్టనే లేదు, నీళ్ళూ పోయలేదు. ఆరింటినీ వ్యాన్ల బానెట్ల కింద బిగించేశాను. ఆయన తిరిగొచ్చి, "నీళ్ళు పోసి చూసినావా?" అని అడిగారు.

"చూసినా మేస్త్రీ," అన్నాను. రెండో మాట అడగకుండా నమ్మారు.

ఆయుధ పూజ నాడు డ్రైవర్లు బానెట్లు ఎత్తి వ్యాన్లకు తలస్నానం చేయించారు. బండి అన్నం పెడుతోందని వాళ్ళకు భక్తి. నా డబ్బాకు కూడా పసుపు పూసి కుంకుమ పెట్టారు. దసరా సెలవులు ముగిసిన మొదటి రోజు, జంగమకోటె దారిలో రెండో తరగతి పాప ఇంకా మెట్టు మీదే ఉండగా పచ్చ దీపం వెలిగింది. డ్రైవరు బండి కదిలించాడు. పాప కింద పడి మణికట్టు విరిగింది.

యజమాని డ్రైవరును రేపటి నుంచి రావద్దన్నాడు. "పచ్చదే వెలిగిందప్పా, నా బిడ్డల మీద ఆన," అని వాడు మా షెడ్డులో కూలబడి ఏడ్చాడు. సేల్స్ మనిషి ఫోన్‌లో, నీళ్ళు పోయడం డ్రైవరు తప్పేనని రాసి సంతకం పెట్టి పంపమన్నాడు. కంపెనీకీ మంచిది, మీకూ మంచిది అన్నాడు. నేను కాగితం తీసుకున్నాను. సగం రాశాను కూడా. 

మేస్త్రీ ఆ కాగితం చూడలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని వ్యాను దగ్గరికి పోయి, యజమాని ఎదురుగానే డబ్బా మూత తీశారు. ఎర్రటి నీళ్ళు ఆయన అరచేతిలోకి కారాయి. నా వైపు ఒకసారి చూశారు. బిందె నీళ్ళ సంగతి ఆయనకు అప్పుడే అర్థమైంది.

"డ్రైవరును ఏమీ అనొద్దప్పా," అన్నారు యజమానితో. "నీళ్ళకు ఆగేది వేరే ఉండాది. తెలిసీ ఇది ఎంచింది నేనే."

డ్రైవరు ఉద్యోగం నిలిచింది. ఆరు వ్యాన్లకూ మేస్త్రీ తానే నల్ల ముద్దలు బిగించారు. ఆ తర్వాత ఊళ్ళో బడి బండి ఒక్కటి కూడా మా షెడ్డుకు రాలేదు. ముప్పై ఏళ్ళు సంపాదించుకున్న పేరు అట్లా పోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త సామాను వచ్చిన ప్రతిసారీ బిందె తెచ్చి నా చేతికిచ్చి, "నీళ్ళు పొయ్యి" అని పక్కన నిలబడేవారు, అంతే. నేను చెప్పుకోవడానికి మూడేళ్ళ గడువు ఉండింది. చెప్పలేదు. బాగేపల్లికి వచ్చి, ఆయన శిష్యుణ్ణని బోర్డు రాయించుకున్నాను.

పదకొండో దినం తిథికి పోయాను. పంక్తిలో కూర్చుంటే, మా వైపు సారు అనే చారు బకెట్టుతో వచ్చింది ఆ డ్రైవరే.

"మీ మేస్త్రీ శానా మంచోడప్పా," అన్నాడు వంగి. "ఆ డబ్బా ఒకటే తప్పుగా ఎంచినాడు. పోనీలే, నేను అప్పుడే మన్నించేసినా."

చెబుదామని నోరు తెరిచాను. పక్కవాళ్ళు చూస్తున్నారు. అతను నా ఆకులో గరిటెడు సారు పోశాడు. అది అంచు వైపు పారుతుంటే అన్నంతో అడ్డుకట్ట వేసి, తల వంచుకుని తిన్నాను.