గుండ్రటి గదిలో మా వదిన పిలుపు

దెయ్యాలంటే నాకు నవ్వు. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించి ఉప్పెంతో, ప్రాణవాయువెంతో చెప్పే పని నాది. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదైనా వేళకాని వేళల్లో ఒంటరిగా తిరిగినవాణ్ణి. ఏదైనా సరే పరీక్షలో తేలితేనే నమ్ముతానంటాను. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అన్న సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఏడాది దాటాక పెద్దలు కూర్చుని కర్మ చేసేద్దామన్నారు. అన్నకు పిల్లల్లేరు కాబట్టి చేయాల్సింది నేనే. వదిన మాత్రం గాజులు తీయనంటే తీయనంది. నాకు ఒళ్ళు మండేది. బతికుంటే ఈపాటికి కబురు రాదా?

"కాస్త బయటికి తీసుకుపో నాయనా, నువ్వు చెప్తే వింటది," అంది అమ్మ.

సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన బొమ్మల మ్యూజియానికి తీసుకెళ్ళాను. పూత లేని కాంక్రీటు, కిటికీల్లేని వంకర గోడలు. మా ఊళ్ళో దాన్ని ఐసు ఫ్యాక్టరీ అని ఎగతాళి చేస్తారు. నేనూ చేశాను. లోపలికెళ్ళాక నోరెళ్ళబెట్టాను. గోడకూ కప్పుకూ మధ్య సందులోంచి వెలుగు మెల్లగా దిగుతోంది.

చివర్లో ఒక గుండ్రటి గది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. పైన ఆకాశం కనిపించే కంత ఉంది, అంతే. మేమిద్దరం, అక్కడ కాపలా ఉండే ఆవిడ తప్ప ఎవరూ లేరు.

"పిలిచి చూడక్కా, నీ గొంతు నీకే తిరిగొస్తది," అంది ఆవిడ.

వదిన నవ్వింది. అన్న పోయాక ఆ నవ్వు చూడటం అదే మొదలు. మంచు పట్టిన పొద్దుల్లో పడవలు దారి తప్పకుండా మా ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి మగవాళ్ళను పిలుస్తారు. మొగుడి పేరు పలకరు. వదిన అలాగే నోటికి చేతులు అడ్డం పెట్టుకుని పిలిచింది.

"ఏమయ్యో...వ్!"

ఆమె గొంతు గోడల చుట్టూ తిరిగి తిరిగి సన్నబడి ఆగిపోయింది. అప్పుడు వినిపించింది.

"ఇదో... వస్తన్నా!"

మా అన్న గొంతు. పడవ మీద నుంచి ఆమెకు ఎప్పుడూ ఇచ్చే జవాబు.

వదిన గిరుక్కున తిరిగి నా నోటి వంక చూసింది. "నువ్వా అబ్బయ్యా?"

"అమ్మతోడు వదినా, నేను నోరు తెరవలా."

కాపలా ఆవిడ గోడకు అతుక్కుపోయింది. "ఎవురు సార్ అదీ?" అని నన్నే అడిగింది. స్పీకర్లేమైనా పెట్టారా అని ఆవిడ మీద అరిచాను. లేవంది. బయటికి పరుగెత్తి గోడ చుట్టూ తిరిగాను. ఎండ, ఇసుక తప్ప మనిషి జాడ లేదు. మళ్ళీ గదిలోకొచ్చి "అన్నా!" అని నేనే పిలిచాను. నా గొంతే తిరిగొచ్చింది.

వదిన ఏడవలేదు. దారి పొడుగునా గాజులు సవరించుకుంటూ కూర్చుంది.

ఆ గొంతు బతికున్నవాడిదో పోయినవాడిదో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయితే కర్మ ఎప్పుడని పెద్దలు అడిగినప్పుడల్లా వద్దంటున్నది ఇప్పుడు వదిన కాదు, నేనే. వస్తున్నానని చెప్పిన మనిషికి పిండం ఎలా పెట్టను?