ప్లగ్గు రంగు

వన్ టౌన్‌లో నా టూ-స్ట్రోక్ డర్ట్ బైక్ చూసే పెద్ద మెకానిక్‌ని అందరూ భాయ్ అనేవాళ్లు. ఏ బండి వచ్చినా ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి, అరచేతిలో పెట్టుకుని ఎండలో దాని రంగు చూసేవారు.

"కొత్తవి బిగించడం ఎవరైనా చేస్తారండీ. ఉన్న ఇంజన్ ఏమంటోందో వినాలి," అనేవారు.

నేను వినలేదు. ఆయనకు చెప్పకుండా రేసింగ్ సైలెన్సర్ తెప్పించి ఇంకోచోట బిగించుకున్నాను. దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ అందేలా కార్బ్యురేటర్ సర్దాలని నాకు తెలియదు. పదో రోజున ఉయ్యూరు దగ్గర కాలవ గట్టు మీద ఇంజన్ పట్టేసింది. పాత సైలెన్సర్ మళ్లీ తగిలించి, బండిని ఆయన దగ్గరికే తీసుకెళ్లాను.

"ఏమైనా మార్చారా అండీ?"

"లేదు భాయ్. మీరు ట్యూన్ చేసినట్టే ఉంది."

ప్లగ్గు సున్నంలా తెల్లగా కాలిపోయి ఉంది, పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కిపోయిందని చెబుతూ. ఆయన వేలు సైలెన్సర్ బోల్టుల మీద పడిన కొత్త గీతల దగ్గర కాసేపు ఆగింది. షెడ్డులో కూర్చున్న ఇద్దరు కస్టమర్లు మమ్మల్నే చూస్తున్నారు.

"అయితే నా ట్యూనింగే తప్పయ్యుంటుందండీ," అన్నారు, వాళ్లకీ వినబడేలా.

వాళ్లలో ఒకాయన లేచి, రిపేరుకి తెచ్చిన తన బండిని తోసుకుంటూ వెళ్లిపోయాడు. నేను మాత్రం, బండి ఎప్పటికి సిద్ధమవుతుందని అడిగాను.